రంగు వేయని చోటు

మా బావ సత్యరాజుకు రంగు లేని ఇనుము కనబడితే చాలు, చేతులు దురద పెడతాయి. మా గేటుకు ఆయన రంగే, మా మంచం కోళ్లకు ఆయన రంగే, చర్చిలో గంట వేలాడే కమ్మీకి కూడా ఆయన రంగే. ఓసారి మా అక్క సుకుమారి రొట్టెల పెనం పిడికి తుప్పు పట్టిందని దానికీ పూయబోతే అక్క చీపురు ఎత్తింది. నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది గానీ, ఆ రంగు పిచ్చి వెనుక ఒక మనిషి విరిగిన నడుము ఉంది. అది చెప్పాకే మిగిలింది చెబుతాను.

బావ బొల్లారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో పెయింటర్. చేరినప్పుడు మీసం సరిగ్గా రాలేదు, రిటైరైనప్పుడు అదే మీసం తెల్లగా ఉంది. అక్కడ ట్యాంకుల నుంచి వచ్చే ఆవిరి ఇనుమును చెదలు కట్టెను తిన్నట్టు తినేస్తుంది. అందుకని అక్కడ పెయింటర్ అంటే గోడలకు సున్నం కొట్టేవాడు కాదు. పైపులకూ మెట్లకూ కాపలాదారు. బావతో పాటు చిన్నరాములు అనే ఇంకో పెయింటర్ ఉండేవాడు. లక్డారం మనిషి, బావకు ప్రాణ స్నేహితుడు. ఒక రోజు ట్యాంకు మీద పని ముగించి, రెయిలింగుకు ఆనుకుని చెమట తుడుచుకుంటున్నాడు. ఆ రెయిలింగు నిగనిగలాడుతూ ఉంది, కొత్తగా రంగు పడింది. అది ఊడి, మనిషితో సహా కిందికి వచ్చింది. తర్వాత చూస్తే తెలిసిందేమిటంటే, పైన రంగు బాగానే ఉంది గానీ బోల్టు వాషర్ కింద ఎవరూ వేయలేదు. తుప్పు అక్కడ మొదలై లోపల్లోపలే తినేసింది. చిన్నరాములు బతికాడు. కర్ర లేకుండా మాత్రం ఇప్పటికీ నడవలేడు.

ఆనాటి నుంచి బావ పని తీరే మారిపోయింది. అందరూ బోల్టు మీది నుంచి బ్రష్ లాగేస్తారు. బావ బోల్టు విప్పుతాడు, వాషర్ తీస్తాడు, ఇనుము గీకుతాడు, ఫ్యాక్టరీలో వాడే, రెండు డబ్బాల్లో వేరువేరుగా వచ్చే రంగు కలిపి పూస్తాడు, ఆరేదాకా కూర్చుంటాడు, అప్పుడు మళ్లీ బిగిస్తాడు. "వాషర్ కింద లేని రంగు పైన ఎంతేస్తే ఏం ఫాయిదా?" అనేవాడు. పని ఆలస్యమవుతోందని సూపర్‌వైజర్లు తిట్టేవాళ్లు. తిట్టించుకునేవాడు. ఆయన చెయ్యి పడిన చోట ఒక్క కమ్మీ ఊడలేదు. ఆయన మీద ఎంత కోపంగా ఉన్నా ఆ మాట మాత్రం నేను గొప్పగానే చెబుతాను.

నా కోపం సంగతి కూడా ముందే చెప్పుకోవడం మంచిది. అది నాకు ముక్కు మీదే ఉంటుంది. నా పేరు థామస్. పటాన్‌చెరు నుంచి లక్డారం పోయే దారిలో నాకో రేకుల షెడ్డు ఉంది. కార్లలో కరెంటుకు సంబంధించిన పని ఏదైనా చేస్తాను. బావ దగ్గర నాకున్న పరువంతా ఆ పనితోనే వచ్చింది. అక్క తమ్ముడినని కాదు.

బావ కూతురు నిస్సీ కారు నడుపుతుంది. సొంత సరదాకు కాదు, పని మీద. బొల్లారంలో ఒక కంపెనీ ల్యాబులో పనిచేసే ఆడవాళ్లను ఇళ్ల దగ్గర ఎక్కించుకుని షిఫ్టుకు దింపుతుంది, షిఫ్టు అయిపోయినవాళ్లను ఇళ్లకు చేరుస్తుంది. వెలిమెల, పటాన్‌చెరు, అమీన్‌పూర్ తిరిగి బొల్లారం. ఇంతకు ముందు ఆ బండికి మగ డ్రైవర్లే ఉండేవారు. నిస్సీ వచ్చాక ఆ ఆడవాళ్ల ఇళ్లలో "నిస్సీ బండేనా?" అని అడిగి, ఔనంటే తలుపు వేసుకుని పడుకుంటారు. బావకు దీని మీద గర్వమూ ఉంది, భయమూ ఉంది. పగలంతా పదిమందికి చెప్పుకుంటాడు. చీకటి పడ్డాక బండి వచ్చేదాకా గేటు పట్టుకుని నిలబడతాడు.

ఆ బండి డైనమో కాలిపోయింది. ఇంజిన్ తిరుగుతున్నంతసేపూ కరెంటు పుట్టించి బ్యాటరీని నింపేది అదే. పుస్తకాల్లో ఆల్టర్నేటర్ అంటారు, మా షెడ్డుల్లో డైనమో. విప్పి చూస్తే లోపల తీగ నల్లగా మాడి ఉంది. కొత్తది పట్నం నుంచి తెప్పించాల్సి వచ్చింది. అది వచ్చేదాకా బండి నా షెడ్డులోనే బానెట్ తెరుచుకుని ఉంది, బ్యాటరీ కూడా తీసి పక్కన పెట్టాను. బావ రోజూ వచ్చేవాడు. ఊరికే ఉంటాడా? తెరిచిన బానెట్, లోపలంతా ఇనుము, బ్యాటరీ కారిన చోట ఎర్రటి తుప్పు! డబ్బాలూ బ్రష్షూ తెచ్చుకుని కూర్చున్నాడు. నేను వేరే బండ్ల కింద దూరి నా పని చేసుకున్నాను. కొత్త డైనమో వచ్చాక బావ కళ్ల ముందే దాని డబ్బా సీలు తీసి బిగించాను. ఇంజిన్ చుట్టూ నల్లరంగు అద్దంలా మెరుస్తోంది. "బావా, పెళ్లికొడుకు లెక్క చేసినవ్ గదా!" అన్నాను. ఆయన మురిసిపోయాడు.

కొన్నాళ్లు బండి బాగానే తిరిగింది. ఆ శనివారం సాయంత్రం ఆగింది.

ఆగడమంటే ఎక్కడో నీడన ఆగడం కాదు. వాన పడుతోంది. బండి నిండా ఆడవాళ్లు. హెడ్‌లైట్లు, వైపర్లు, ఏసీ అన్నీ నడుస్తున్నాయి. బొల్లారం దాటాక ఇళ్లు లేని చోట హెడ్‌లైట్లు మసకబారాయి, వైపర్ అద్దం మధ్యలో నిలిచిపోయింది, ఇంజిన్ ఆగిపోయింది. వెనుక లైట్లు కూడా లేవు. వెనకాల ఒక కెమికల్ ట్యాంకరు వస్తోంది. డ్రైవరు చివరి క్షణంలో చూసి స్టీరింగు పక్కకు తిప్పాడు. ట్యాంకరు నిస్సీ బండి అద్దం రాసుకుంటూ పోయింది. లోపల ఆడవాళ్లు యేసయ్యా అని కొందరు, అమ్మా అని కొందరు అరిచారట. నిస్సీ ఫోను లైటు వెలిగించి రోడ్డు మీద నిలబడి, వచ్చే బండ్లకు చేతులు ఊపుతూ అందరినీ పక్కకు దింపింది. విన్న నాకు పై ప్రాణాలు పైనే పోయాయి.

ఆదివారం ఆరాధనలో బావ నా వైపు చూడలేదు. అందరూ ఒకరికొకరు వందనాలు చెప్పుకునే వేళ నేను చెయ్యి చాపితే, కనబడనట్టు పాటల పుస్తకం తిప్పుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అయినా దేవుని మందిరమని ఊరుకున్నాను.

సోమవారం పొద్దున్నే తండ్రీ కూతుళ్లు షెడ్డుకు వచ్చారు. బండిని శనివారమే నా దగ్గరికి లాక్కొచ్చి వదిలారు, బ్యాటరీ ఛార్జింగుకు పెట్టి ఉంచాను. బావ కూర్చోలేదు. బండి తాళం చొక్కా జేబులో ఉంది, దాని మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు.

"సూడు థామస్," అన్నాడు. "మధ్యాహ్నం షిఫ్టుకు బండి పోవాలె. గంతల లోపట రోగమేందో దొరికితే సరే. దొరకకుంటే గీ బండిని ఇయ్యాలనే అమ్మేస్త. నా బిడ్డ ఇగ స్టీరింగ్ ముట్టది."

"డాడీ, నేను ముట్టాల్నో వద్దో నువ్వొక్కనివే చెప్తవా?" అంది నిస్సీ.

"చెప్త. ట్యాంకరు కింద పడి సస్తె ఎవనికి చెప్పుకోవాలె?"

"ఆ ఆడోళ్లు నన్ను నమ్ముకొని ఎక్కిండ్రు. నేను మానేస్తే ఏమంటరు? ఆడపిల్లకు బండిస్తే గిట్లనే అయితదంటరు. శనివారంకెళ్లి గదే అంటున్నరు."

అది అబద్ధం కాదు. అంతలోనే దాని ఫోను మోగింది. కంపెనీకి బండ్లు పెట్టే కాంట్రాక్టరు నవీన్‌కుమార్. అవతలి మాట నాకు కూడా వినిపించింది. "మేడమ్, ఇద్దరు లేడీస్ మీ బండి ఎక్కం అంటున్నరు. మధ్యాహ్నం మీ బండి రాకపోయినా, వచ్చి దారిల ఆగినా ఇగ అంతే. వేరే డ్రైవర్ రెడీగ ఉన్నడు." నిస్సీ "వస్త సార్" అని పెట్టేసింది. మొహం పాలిపోయింది.

"శనివారం ఎర్ర లైటు ఎలిగింది, నువ్వే సూస్కోలే," అన్నాడు బావ. ఛార్జింగు ఆగిపోతే స్టీరింగు ముందు బోర్డు మీద బ్యాటరీ బొమ్మతో ఎర్ర దీపం వెలుగుతుంది. అది వెలిగాక కూడా కాస్త దూరం పోవచ్చు. అంటే చూసుకుని ఉంటే ఊళ్లోనే ఆపేది అని ఆయన మాట.

"ఎలగలే డాడీ. ఎన్నిసార్లు చెప్పాలె? నాకేమన్న కండ్లు లేవా?"

"ఎలగకుండ ఎట్లుంటది?"

నేను మధ్యలోకి పోలేదు. బానెట్ ఎత్తాను. బావ డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. కూతుర్ని కూర్చోనివ్వలేదు. నిస్సీ నా పక్కన నిలబడింది.

ముందు బ్యాటరీ చూశాను. కరెంటు లాగించి పరీక్షిస్తే గట్టిగానే ఉంది. డైనమోను తిప్పే బెల్టు చూశాను. బిగుతుగా ఉంది. "కొట్టు బావా" అంటే సెల్ఫ్ కొట్టాడు. సెల్ఫ్ కాస్త నీరసంగా తిరిగినట్టు అనిపించింది గానీ ఇంజిన్ అందుకుంది. బ్యాటరీకి మీటరు పెట్టాను. ఇంజిన్ తిరుగుతుంటే పద్నాలుగు వోల్టుల దగ్గర ఉండాలి. పదమూడు చూపించింది. మరీ మంచిది కాదు, మరీ చెడ్డదీ కాదు.

"మొన్న గూడ గిట్లనే సూపించి పంపినవ్," అన్నాడు బావ సీట్లోంచి.

"లైట్లెయ్యి. ఏసీ ఎయ్యి. వైపర్లు గూడ."

వేశాడు. మీటరు నా కళ్ల ముందే దిగిపోయింది. పన్నెండున్నర. పన్నెండు. ఇంకా దిగుతోంది. ఇంజిన్ తిరుగుతూనే ఉంది, బ్యాటరీ ఖాళీ అవుతూనే ఉంది. శనివారం రోడ్డు మీద జరిగింది ఇదే. నేను బిగించిన డైనమో. నా చేత్తో.

బావ నా మొహం చదివేశాడు. సీట్లోంచి దిగి వచ్చాడు.

"ఏంది, డైనమో కరెంటిస్తలేదా?"

"ఆగు బావా, ఇంకా సూడాలె."

"ఇంకేం సూస్తవ్? డబ్బా కొత్తది, సామాన్ పాతది. బయటోడు గిట్ల చేస్తే దొంగ అంటం. ఇంటోడు చేస్తే ఏమనాలె రా?"

చేతిలోని పానా విసిరికొట్టాను. అది రేకుకు తగిలి షెడ్డంతా దద్దరిల్లింది. "ఏమన్నవ్? మల్లోసారి అను! సీలు నీ ముందట తీసిన. నీ కండ్ల ముందట బిగించిన. నా మేనకోడలు ఎక్కే బండికి నేను దొంగ సామాన్ ఏస్తనా? నోరెట్లొచ్చింది బావా నీకు?"

"గట్లయితే బండి ఎందుకు ఆగింది? చెప్పు! ఎందుకు ఆగింది?"

ఎందుకు ఆగిందో నాకే తెలియదు. అదే నన్ను ఎక్కువ మండించింది. ఇద్దరం ఒకరి మీదికి ఒకరం ఎగబడేలా ఉన్నాం. నిస్సీ మా మధ్యకు వచ్చి అరిచింది.

"మీ ఇద్దరి పంచాయితీ తర్వాత పెట్టుకోండ్రి! షిఫ్టు టైము దగ్గర పడ్తుంది. నా మాటొక్కటి వినుండ్రి. లైటు ఎలగలే. శనివారం ఎలగలే. ఇప్పుడు గూడ సూడుండ్రి, ఎలుగుతుందా?"

ముగ్గురం కిటికీలోంచి లోపలికి తొంగి చూశాం. ఇంజిన్ తిరుగుతోంది, బ్యాటరీ ఖాళీ అవుతోంది, బోర్డు మీద ఎర్ర దీపం లేదు.

నా కోపం అక్కడే చల్లారిపోయింది. ఈ పిల్ల రెండు రోజులుగా మొత్తుకుంటున్నది నిజం. డైనమో పాడైతే ఆ దీపం వెలగాల్సిందే. వెలగలేదంటే, డైనమో తన పని తాను సరిగ్గా చేస్తున్నాననే అనుకుంటోంది. బ్యాటరీకి పెట్టిన మీటరు తీసి, తిన్నగా డైనమోకే పెట్టాను. ఒక మొన దాని కరెంటు బయటికొచ్చే చోట, ఇంకో మొన దాని ఒంటి మీద.

పద్నాలుగు దాటి ఉంది. కదలకుండా నిలబడింది.

"రా బావా, నీ కండ్లతోని సూడు. దొంగ సామాన్ ఎంతిస్తుందో సూడు!" అన్నాను. ఆయన చూశాడు. మీటరు మీదికి ఇంకాస్త వంగాడు. నాకు గొప్పగా అనిపించిన మాట నిజమే గానీ అది ఎంతోసేపు నిలవలేదు. డైనమో ఇస్తోంది, బ్యాటరీకి చేరడం లేదు. దారిలో ఎక్కడో పోతోంది. ఎక్కడ?

కరెంటుకు పోయే దారి ఒకటి, వచ్చే దారి ఒకటి. పోయే దారి ఎర్ర వైరు. దాన్ని మొదటి నుంచి చివరి దాకా మీటరుతో తడిమాను. ఎక్కడా లోటు లేదు. ఇక మిగిలింది తిరిగి వచ్చే దారి. దానికి వైరంటూ పెద్దగా ఉండదు. ఇంజిన్ ఇనుమూ బండి బాడీ ఇనుమే దారి. ఇంజిన్ రబ్బరు దిమ్మెల మీద కూర్చుంటుంది కాబట్టి దాన్నీ బాడీనీ కలుపుతూ ఒక రాగి అల్లిక పట్టీ ఉంటుంది. ఎర్త్ పట్టీ అంటాం. మీటరు ఒక మొన బ్యాటరీ మైనస్‌కూ, ఇంకోటి ఇంజిన్‌కూ ఆనించాను. అక్కడ ఏమీ చూపించకూడదు. దాదాపు రెండు చూపించింది.

పక్క బండి నుంచి మందపాటి జంపర్ వైరు తెచ్చి, ఒక కొస బ్యాటరీ మైనస్‌కు తగిలించి, ఇంకో కొస ఇంజిన్ కొక్కేనికి పట్టించాను. ఇంజిన్ ఒక్కసారి మూలిగింది, నెత్తిన బియ్యం బస్తా పడ్డ మనిషిలా. హెడ్‌లైట్లు భగ్గున తెల్లబడ్డాయి. బ్యాటరీ దగ్గర మీటరు పద్నాలుగు.

"దొరికింది మామ! దొరికింది గదా?" నిస్సీ నా భుజం పట్టుకుని ఊపేసింది.

"ఇంజిన్ బంద్ చెయ్యి బావా," అన్నాను. ఆయన మళ్లీ సీట్లోకి వెళ్లి ఆపాడు, అక్కడే కూర్చున్నాడు. ఎత్తిన బానెట్ అడ్డం కాబట్టి మా చేతులు ఆయనకు కనబడవు. బ్యాటరీ తీశాను, దాని కింది రేకు తీశాను. రాగి పట్టీ బాడీకి బిగించిన బోల్టు బయటపడింది. పట్టీ బాగుంది. బోల్టు గట్టిగా ఉంది. విప్పాను. వాషర్ తీశాను. పట్టీ పక్కకు జరిపాను.

కింద నల్లరంగు. చక్కగా, అంచులదాకా సమానంగా, ఒక్క గీత లేకుండా, అద్దంలా మెరుస్తోంది. ఇనుము అగ్గిపుల్ల మొనంత కూడా కనబడలేదు.

ఈ లోకంలో వాషర్ కింద అట్లా రంగు వేసేవాడు నాకు తెలిసి ఒక్కడే ఉన్నాడు. ఇన్నాళ్లూ బోల్టు చుట్ల సందున దొరికిన కాస్త ఇనుముతో ఆ బండి ఎలాగో నెట్టుకొచ్చింది. పగటిపూట సరిపోయింది. వానలో, చీకట్లో, అన్నీ వేసినప్పుడు సరిపోలేదు.

నిస్సీ కూడా చూసింది. అర్థమైంది. రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుని గుసగుసగా అంది. "మామ, చెప్పకు. పట్టీ తెగిందని చెప్పు. డాడీకి తెలిస్తే తట్టుకోడు."

"నన్ను దొంగ అన్నడు గదనే!"

"అన్నడు. నేను నీ కాళ్లు మొక్కుత. చెప్పకు మామ."

నాకు ఏం చేయాలో తోచలేదు. నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఉంది. అది చెబితే నా పరువు నాకు వస్తుంది. చెప్పకపోతే ఈ పిల్ల మాట నిలుస్తుంది. ఇంత రంగు వేసిన చెయ్యి ఏ భయంతో వేసిందో నాకు తెలుసు. పట్టీ తెగిందనే అందామని తల ఎత్తాను. బావ అప్పటికే దిగివచ్చి నా వెనుక నిలబడి ఉన్నాడు.

ఆయన నన్ను పక్కకు జరిపాడు. వంగి చూశాడు. బొటనవేలితో ఆ చోటు రాశాడు, పనివాడు తన పనిని తడిమినట్టే.

"గిది నేనేసిందే," అన్నాడు. నా వైపు తిరిగి, "రంగులకెళ్లి కరెంట్ పోదా?" అని అడిగాడు.

"పోదు బావా."

"జెరంత గూడ?"

"నువ్వేసినంత మంచి రంగులకెళ్లి అసలే పోదు."

బావ బండి అంచు పట్టుకున్నాడు. "రాములు పడ్డప్పుడు నేను పక్కనే ఉన్న రా. ఆని చెయ్యి అందలే నాకు. మల్ల ఎవరూ పడొద్దని గింతకాలం వాషర్ కింద రంగేసుకుంట వచ్చిన. గిప్పుడు నా బిడ్డనే ట్యాంకరు కింద పెడుతుంటి గదరా. నా చేతులతోని. నిన్ను దొంగంటిని, దాన్ని కండ్లు లేవంటిని." ఇక ఆయన వల్ల కాలేదు. అంత మనిషి వెక్కి వెక్కి ఏడ్చాడు. నేను ఆయన్ని అట్లా ఎప్పుడూ చూడలేదు. నా కళ్లలో కూడా నీళ్లు తిరిగాయి. దొంగ అన్న మాట ఎక్కడికి పోయిందో తెలియదు.

ఫోను మళ్లీ మోగింది. నవీన్‌కుమార్. నిస్సీ "బయల్దేరుతున్న సార్" అని కట్ చేసి, తండ్రి రెండు భుజాలూ పట్టుకుంది.

"డాడీ, ఏడ్చుడు తర్వాత. గీకు."

నేను బ్లేడు తీసుకోబోతే బావ నా చేతిలోంచి లాక్కున్నాడు. "నాదే పని. నేనే తీస్త." మొహం మోచేత్తో తుడుచుకుని మొదలుపెట్టాడు. బ్లేడు జారిపోయింది. అది ఇంటి రంగు కాదు, యాసిడ్‌కు కూడా లొంగని రంగు. పళ్లు బిగించి గీకాడు. వేలు కోసుకుంది, తుడుచుకుని మళ్లీ గీకాడు. నిస్సీ రోడ్డు వైపూ, తండ్రి చేతుల వైపూ మార్చి మార్చి చూస్తోంది. నాకైతే ఒక్కో నిమిషం ఒక్కో పూటలా గడిచింది. చివరికి గరుకు కాగితంతో రుద్దితే తెల్లటి ఇనుము బయటపడింది. రూపాయి బిళ్ళంత చోటు.

బావ దాని వంక ఇబ్బందిగా చూశాడు. "గిట్లనే ఇడుస్తవా? తుప్పు పట్టదా?"

"బిగించినంక పైనుంచి గ్రీజు పూస్త."

"మస్తుగ పూయి."

పట్టీ బిగించాను, రేకు పెట్టాను, బ్యాటరీ కట్టాను. "కొట్టు" అన్నాను. బావ సీట్లోకి పోలేదు. జేబులోంచి తాళం తీసి నిస్సీ చేతిలో పెట్టాడు. సెల్ఫ్ కొట్టగానే ఇంజిన్ పలికింది. లైట్లు, ఏసీ, వైపర్లు, హారన్ కూడా. మీటరు పద్నాలుగు మీద కూర్చుంది, లేవలేదు. నిస్సీ "ప్రైజ్ ద లార్డ్!" అని అరిచి గేరు వేయబోతే, బావ అటు తిరిగి వెళ్లి ముందు సీట్లో ఎక్కాడు.

"నువ్వెక్కడికి డాడీ?"

"నేను గూడ వస్త. ఆ ఆడబిడ్డలకు చెప్పాలె. పోనియ్యి."

వెళ్లిపోయారు. నేను టిఫిన్ డబ్బా తెరిచాను గానీ అన్నం దిగలేదు. మీటరు చూపించేది మీటరు చూపిస్తుంది. రోడ్డు వేరు. దారిలో మళ్లీ ఆగితే? ఇంకో బండి పని పట్టుకుంటే చెయ్యి సాగలేదు. అంతలో ఫోను మోగింది. బావ నంబరు.

"బావా, ఏమైంది? ఆగిందా?"

అటువైపు బండ్ల రొద, బావ ఊపిరి. "ఆగలేదురా. నన్ను దించి పోయింది."

"ఏంది?"

"అమీన్‌పూర్ల. ఎక్కం అన్న ఇద్దరు గూడ ఈడనే నిలబడి ఉండిరి. దిగి చెప్పిన. తప్పు బండిది గాదమ్మా, నా బిడ్డది గాదు, మా బామ్మర్దిది గాదు, నేను రంగేసి కరెంటుకు దారి బంద్ చేసిన, నాది తప్పు, నన్ను తిట్టుండ్రి అన్న. ఇద్దరూ ఒకల మొఖం ఒకలు సూసుకున్నరు. ఒకామె ఏమన్నదో తెల్సా? మంచిది అంకుల్, మరి మీరు ముందర కూసుంటే మేమెక్కడ కూసోవాలె అన్నది. సీటు తక్కువ పడ్డది. గందుకు నన్ను దించిన్రు. ఎక్కిండ్రు రా. ఇద్దరూ ఎక్కిండ్రు. నిస్సీ వెనకకు గూడ సూడలే. గేరేసింది, పోయింది."

"ఉండు బావా, అక్కడనే ఉండు. వస్తున్న."

స్కూటర్ తీశాను. నేను పోయేసరికి బావ ఎండలో నిలబడి, బొల్లారం పోయే దారినే చూస్తున్నాడు. కోసుకున్న వేలికి రుమాలు చుట్టుకున్నాడు. ఆయన పక్కనే బస్టాపు కమ్మీలు ఎర్రగా తుప్పు పట్టి, పెచ్చులు ఊడి రాలుతున్నాయి. బావ వాటి వంక చూడనే లేదు.